మేక కాలిలో గాజు పెంకు: గండికోటలో ఒక ఫీల్డ్‌వర్క్ కేస్ స్టడీ

నేను జమ్మలమడుగు చుట్టుపక్కల నీళ్ల మీద, మహిళా సంఘాల మీద పనిచేసే ఒక చిన్న సంస్థలో ఫీల్డ్ కోఆర్డినేటర్‌ని. జీతం ఆ పనికే. కానీ జనవరి వచ్చిందంటే టూరిజం పీజీ పిల్లలు ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, "సార్, గండికోట మీద డిసర్టేషన్, ఊళ్లో ఎవరినైనా పరిచయం చేస్తారా" అని. కాదనలేను, పైగా నాకూ అదో సరదా. అట్లా వచ్చినవాళ్లలో చాలామంది మూడు రోజులుండి, ఫారాలు నింపుకుని, కోట ముందు సెల్ఫీ దిగి వెళ్లిపోతారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తరు. ఒక బ్యాచ్ మాత్రం ఆరు వారాలు ఉంది. వాళ్లు ఎక్కడ బోర్లా పడ్డారో, నేనెక్కడ పడ్డానో, చివరికి ఏ పద్ధతి నిలబడిందో రాసిపెట్టాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా. 2024 చివర్లో కేంద్రం గండికోట అభివృద్ధికి 77.91 కోట్లు మంజూరు చేశాక నాకు ఫోన్లు ఇంకా ఎక్కువయ్యాయి, అందుకని ఇప్పుడు కూర్చున్నా. కేసు మాత్రం ఆ మంజూరుకు ముందుది.

వచ్చింది ముగ్గురు. పేర్లు రాయను, ఊరివాళ్లు పిలిచినట్టే రాస్తా: అనంతపురం పాప, బద్వేలు పాప, ఆదోని అబ్బోడు. ముగ్గురికీ అంశం ఒకటే, సుస్థిర పర్యాటకం, అంటే చోటూ ఊరూ దెబ్బతినకుండా సాగే టూరిజం. దాన్ని మూడు ముక్కలు చేసుకున్నారు. లోయ అంచు ఎంతమందిని మోయగలదు అన్నది ఆదోని అబ్బోడిది, టూరిస్టుల డబ్బు ఊళ్లో ఎంత నిలుస్తుంది అన్నది బద్వేలు పాపది, ఊరివాళ్లు దీని గురించి ఏమనుకుంటున్నారు అన్నది అనంతపురం పాపది.

చోటు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన చోట ఎర్రరాతి లోయ, దాని అంచున పెమ్మసాని నాయకులు ఏలిన కోట, కోట లోపలే ఊరు. మాధవరాయ గుడి, రంగనాథస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం, కత్తుల కోనేరు అన్నీ నడిచి చూడొచ్చు. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. శనివారం సాయంత్రానికి బెంగళూరు బండ్లు దిగుతాయి, రాత్రి టెంట్లు, ఆదివారం పొద్దున సూర్యోదయం, మధ్యాహ్నానికి ఖాళీ. గండికోట టూరిజం అంటే దాదాపుగా ఈ పద్దెనిమిది గంటలే.

మొదటి వారం: 62 ప్రశ్నలు

వాళ్లు తెచ్చిన ఫారంలో 62 ప్రశ్నలున్నాయి. ప్రతిదానికీ 1 నుంచి 5 దాకా మార్కు వెయ్యాలి, 1 అంటే అస్సలు ఒప్పుకోను, 5 అంటే పూర్తిగా ఒప్పుకుంటాను. ఇంగ్లిష్‌లో తయారుచేసి తెలుగు చేయించినట్టున్నారు. మొదటి ప్రశ్న, "సుస్థిర పర్యాటకం పట్ల మీ దృక్పథం సానుకూలంగా ఉన్నది." అనంతపురం పాప దాన్ని ఒక అవ్వకు చదివి వినిపించింది. అవ్వ కాసేపు ఆలోచించి, "సుస్తీనా? నాకేం సుస్తీ లేదు పాపా, మోకాళ్ల నొప్పులు తప్ప బాగనే ఉండా" అంది. మేమందరం నవ్వాం, అవ్వ కూడా నవ్వింది, పాప మాత్రం పెన్ను పట్టుకుని ఎంత వెయ్యాలో తెలియక నా మొహం చూసింది. నాకు గుర్తున్నంతవరకు 4 వేసింది.

అక్కడే మొదలైంది తిప్పలు. దాదాపు అందరూ 4. ఎందుకంటే మనవాళ్లు ఇంటికొచ్చిన చదువుకునే పిల్లని నొప్పించరు, "మంచిదే రాసుకో పాపా, నీకు మార్కులు రావాల గదా" అంటారు. నాలుగో రోజు రాత్రి ఫారాలు ముందేసుకుని చూస్తే రెండు ప్రశ్నలు దొరికాయి, "పర్యాటకుల రద్దీ వల్ల నాకు ఇబ్బంది కలుగుతోంది" అని ఒకటి, ఇంకో పేజీలో "పర్యాటకుల రద్దీ వల్ల నాకు ఎటువంటి ఇబ్బందీ లేదు" అని ఇంకొకటి. రెండిటికీ ఒకే మనిషి 4 వేసిన ఫారాలు బోలెడు. తిరగేసి అడిగే ప్రశ్నలు పెట్టేది ఇట్లాంటిది పట్టుకోవడానికే, కానీ వాటిని ఎవరూ విడిగా చూడరు, మొత్తం సాఫ్ట్‌వేర్‌లో పోసి క్రాన్‌బాక్ ఆల్ఫా తీస్తారు, అంటే జవాబులకు ఒకదానితో ఒకటి ఎంత పొంతన ఉందో చెప్పే అంకె. తమాషా ఏంటంటే ఒకాయన అన్నిటికీ 4, పక్కింటాయన అన్నిటికీ 5 వేస్తే, ఆ తిరగేసిన ప్రశ్నల మార్కుల్ని మళ్లీ తిప్పి (5ని 1గా, 4ని 2గా) వేయడం మరిచిపోతే, ఆల్ఫా బ్రహ్మాండంగా వస్తుంది. జవాబుల్లో నిజం లేకపోయినా లెక్కకు నమ్మకం కుదురుతుంది. ఇది చాలా థీసిస్‌లలో జరిగేదే, వీళ్లు ఒప్పుకున్నారు కాబట్టి రాస్తున్నా.

ఇక 384. యూనివర్సిటీలో థీసిస్ చూసే వాళ్ల గైడ్ గారు ఫోన్లో అడిగింది ఒకటే, "384 అయ్యాయా?" క్రెజ్సీ, మోర్గాన్ అనే ఇద్దరు 1970లో ఇచ్చిన పట్టికలో పది లక్షల జనాభాకు వచ్చే శాంపిల్ అది. మన దగ్గర సోషల్ సైన్స్ థీసిస్ ఏది తెరిచినా ఈ సంఖ్య ఉంటుంది, గుడి ముందు ధ్వజస్తంభంలాగా. కానీ ఆ పట్టిక పనిచేసేది జనాభాలో ప్రతి మనిషికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉన్నప్పుడు. టీ కొట్టు దగ్గర దొరికినవాడినల్లా ఆపి అడిగితే 384 అయినా 3,840 అయినా ఆ పట్టిక ఇచ్చే భరోసా రాదు. గైడ్ గారికి ఈ మాట నేను చెప్పలేదు, నాకేం అర్హత, పిల్లలతోనే అన్నా.

నేను చేసిన తప్పు

ఇది రాయకపోతే కేసు సగమే అవుతుంది. మొదటి రోజు ముగ్గుర్నీ నేను తీసుకెళ్లింది ఊళ్లో పలుకుబడి ఉన్న ఒక పెద్దమనిషి ఇంటికి. మర్యాద కదా అనుకున్నా. భోజనం పెట్టారు, ఫోటోలు దిగాం. ఆయన స్థలంలోనే టెంట్లు వేస్తారన్న సంగతి నాకు తెలుసు, కానీ దాని బరువెంతో తట్టలేదు. మర్నాటి నుంచి ఊరు మమ్మల్ని ఆయన మనుషులుగా చూసింది. టెంట్ల గురించి ఎవర్ని అడిగినా "బాగనే ఉండాయి లే" అని తలుపు దగ్గరే మాట ముగించేవాళ్లు. వారం పోయింది. దాన్ని సరిచేసింది కూడా నేను కాదు. బద్వేలు పాప ఒక మధ్యాహ్నం గిన్నెలు తోముతున్న ఆడవాళ్ల పక్కన కూర్చుని ఊరికే తనూ తోమింది. గంటన్నర ఏ ప్రశ్నా అడగలేదు. లేచేటప్పుడు వాళ్లే అడిగారు, "నువ్వు ఆయప్ప తాలూకా కాదా మరి?"

ఇంకోటి సంతకం. యూనివర్సిటీ వాళ్ల సమ్మతి పత్రం రెండు పేజీలు, చివర సంతకం లేదా నిశానీ. నియమం మంచిదే. కానీ గండికోట రిజర్వాయర్ కింద కొండాపురం మండలంలో ఊళ్లకు ఊళ్లు మునిగాయి, 2020లో తాళ్లప్రొద్దుటూరు ఖాళీ చేయించింది అందరూ చూశారు. ఇక్కడ ప్రతి ఇంటికీ అటువైపు చుట్టాలున్నారు. కాగితాలు పట్టుకుని వచ్చి సంతకం పెట్టమన్నారంటే దాని వెనక భూమి సర్వే ఉంటుందని భయం. ఒకాయనైతే "మా ఊరు కూడా ముంచుతాండారా సార్?" అని నన్నే అడిగాడు. ఆ పాయింట్ మీద గైడ్ గారికి ఉత్తరం రాశాం, పత్రం చదివి వినిపించి, నోటిమాట సమ్మతి, పక్కన ఊరి సాక్షి, తేదీ వేసుకుని రాసుకోవడం అని. ఆయన మూడు రోజులు తీసుకుని ఒప్పుకున్నారు, అందుకు ఆయనకు నిజంగా దండం పెట్టాలి.

అడగడం ఆపి లెక్కపెట్టడం

రెండో వారం చివర్లో నేను చెప్పింది ఒకటే, ఫారాలు బ్యాగులో పెట్టండి, మీ కళ్లతో లెక్కపెట్టగలిగేవి ఏవో మూడు చెప్పండి అని.

ఆదోని అబ్బోడిది తేలిగ్గా తేలింది. వాడు సిఫుయెంటెస్ పద్ధతి పట్టుకొచ్చాడు, 1992లో కోస్టారికాలో రక్షిత ప్రాంతాల కోసం తయారైనది. పద్ధతి సులువే. గుండ్రటి అంకెలతో చెప్తా, ఇవి గండికోట కొలతలు కావు. నిలబడగలిగే చోటు 300 చదరపు మీటర్లు, మనిషికి 3 కావాలి అనుకుంటే ఒకసారికి 100 మంది. రోజుకు 12 గంటలు, ఒక్కొక్కరు గంటసేపు ఉంటారు అంటే 12 విడతలు, 1,200 మంది. ఎండకు సగం గంటలు ఎవరూ బండ మీద నిలబడలేరు కాబట్టి సగానికి కొయ్యి, 600. ఇట్లా వాన, జారుడు, చీకటి అని ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోయి, చివర్లో అక్కడ చూసుకునే సిబ్బంది ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి ఇంకా తగ్గిస్తారు.

కాగితం మీద 600 బాగుంది. కానీ వాడిని నాలుగింటికి లేపి మాధవరాయ గుడి దాటించి లోయ అంచుకు తీసుకెళ్లా. ఆదివారం. చలి. వాడు ఒక బండకు ఆనుకుని అరగంటకోసారి నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత చొప్పున పేపర్ మీద గీస్తున్నాడు. అయిదున్నర తర్వాత గీతలకు చెయ్యి ఆడలేదు, ఫోన్లో వీడియో తీసి తర్వాత లెక్కపెట్టుకున్నాడు. ఎండ పైకొచ్చాక, ఎనిమిదింటికల్లా బండ మీద కోతులు, మేము. రోజంతటికీ పంచితే ఏ సమస్యా కనిపించదు, ఎందుకంటే అక్కడికొచ్చే ప్రతి మనిషికీ కావాల్సింది ఆ ఒక్క గంటే, అది పన్నెండు విడతలుగా తిరగదు. అంటే నా ఉదాహరణలో అసలు పరిమితి 600 కాదు, 100. వాడి థీసిస్‌లో నాకు బాగా నచ్చిన అధ్యాయం ఇదే. రోజుకు ఎంతమంది అన్న పట్టిక తీసేసి అరగంటల గ్రాఫ్ పెట్టాడు, పక్కన మామూలు రోజు గ్రాఫ్, అది దాదాపు నేలకు అంటుకుపోయి ఉంది.

పోల్చడానికి ఒక రోజు బెలుం గుహలకు కూడా పోయొచ్చాడు. అక్కడ మొత్తం గుహ 3,229 మీటర్లు, అందులో టూరిస్టులకు తెరిచింది కిలోమీటరున్నర, లోపలికి దారి ఒకటే, టికెట్ ఉంది, కాబట్టి లెక్క టికెట్ కౌంటర్లోనే ఉంటుంది. అక్కడ చూసుకోవాల్సినవి వేరు, దీపాల చుట్టూ రాతి మీద పట్టే పచ్చటి పాచి, జనం ఊపిరితో పెరిగే ఉక్క. లోయ అంచుకు గేటు లేదు. గేటు ఉన్న చోట రాసిన పద్ధతిని గేటు లేని చోటికి తెచ్చుకునేటప్పుడు జాగ్రత్త అని వాడు రాసుకున్నాడు, అంతే.

రూపాయి దారి

బద్వేలు పాప పని దీనికంటే కష్టం, ఎందుకంటే డబ్బు గురించి ఎవరూ నిజం చెప్పరు, నేనూ చెప్పను. అందుకని ఎంత వచ్చింది అని అడగడం మానేసింది. శనివారం సాయంత్రం టెంట్ల బండి నుంచి సామాను దించే కుర్రాళ్లతో కూర్చుని ఒక ప్లాస్టిక్ క్రేట్‌లో ఏమేమున్నాయో, ఏది ఎక్కడ కొన్నారో రాసుకుంది. ఆ పేజీ నేను ఫోటో తీసి పెట్టుకున్నా. బొగ్గులు, జమ్మలమడుగు. మసాలా పట్టించిన చికెన్ డబ్బా, జమ్మలమడుగు. పేపర్ ప్లేట్లు, బెంగళూరు. నీళ్ల బాటిళ్ల కేసు, బెంగళూరు నుంచే, బండిలో చోటుంది కాబట్టి. స్పీకరు, లైట్లు, అద్దెవి, వాళ్లతోనే వచ్చాయి. టెంటు బుకింగ్ డబ్బు ముందే ఫోన్లో పోయింది, ఎవరి ఖాతాకు అంటే కుర్రాళ్లకే తెలియదు. గండికోటలో కొన్నవి: కట్టెలు, నిమ్మకాయలు, కోడిగుడ్లు. పొద్దున ఉప్మా చేసి గిన్నెలు తోమినందుకు ఇద్దరు ఆడవాళ్లకు కూలి.

దీన్ని పుస్తకాల్లో లీకేజీ అంటారు, వచ్చిన డబ్బు ఊళ్లో తిరగకుండా కారిపోవడం. పుస్తకాల్లో ఉదాహరణలన్నీ దీవులు, విదేశీ హోటళ్లు. మన దగ్గర ఒక క్రేట్ చాలు.

మరి ఊరివాళ్లే ఒక గది కట్టి అద్దెకివ్వచ్చు కదా అని పాప ఒకామెను అడిగింది. ఆమె నవ్వి, "గోడ కూలితే కట్టుకోనీకే తిరగాల, గది యాడ కడతాం?" అంది. గండికోట కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. 2010లో చట్టానికి చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన మరో 200 మీటర్లు అనుమతి తీసుకునే, మరమ్మతుకూ అనుమతి కావాలి. కోట బాగుండాలంటే ఆ నియమం ఉండాల్సిందే, నేను దానికి వ్యతిరేకం కాదు. కానీ టెంటుకు పునాది ఉండదు, శనివారం లేస్తుంది, ఆదివారం పడిపోతుంది. గది కట్టుకోగలిగితే ఊరివాడికి దక్కేది, కట్టుకోలేడు కాబట్టి బండి, టెంట్లు, ఫోన్ బుకింగ్ ఉన్నవాడికి దక్కుతోంది. ఈ ముక్క వాళ్ల గైడ్ గారికి కూడా కొత్తగా అనిపించిందట.

తాత మేక

అనంతపురం పాప దగ్గర మాత్రం ఇంకా ఏమీ లేదు. ఆమె డాక్సీ 1975 నాటి సిద్ధాంతం పట్టుకుని ఉంది, ఊరివాళ్లు టూరిస్టుల విషయంలో మొదట సంబరపడతారు, తర్వాత పట్టించుకోరు, తర్వాత విసుక్కుంటారు, చివరికి ఎదురు తిరుగుతారు అని నాలుగు మెట్లు. గండికోట ఏ మెట్టు మీద ఉంది అని ఆమె ప్రశ్న. టీ కొట్టాయన శనివారం సాయంత్రం మొదటి మెట్టు మీద ఉంటాడు, ఆదివారం మధ్యాహ్నం కొట్టు ముందు చెత్త ఊడ్చుకుంటూ నాలుగో మెట్టు ఎక్కి అందరి వంశాన్నీ తిడతాడు, మళ్లీ శుక్రవారానికి పాలు ఎక్కువ చెప్పి పెట్టుకుంటాడు. ఏ మెట్టని రాయాలి?

ఒక సోమవారం పొద్దున మేమిద్దరం లోయ వైపు నడుస్తుంటే ఒక తాత బండ మీద కూర్చుని మేకను ఒళ్లో అడ్డంగా పడుకోబెట్టుకున్నాడు. ముందుకాలు గిట్టల మధ్య పట్టుకుని తుమ్మ ముల్లుతో ఏదో లాగుతున్నాడు. మేక అరవట్లేదు, వణుకుతోంది. కాసేపటికి వేలు గోరంత గోధుమరంగు గాజు పెంకు బయటికొచ్చింది, బీరు సీసాది. తాత దాన్ని పారెయ్యలేదు, చొక్కా జేబులో వేసుకున్నాడు. జేబులో అప్పటికే మూడో నాలుగో ఉన్నాయి. "పారేస్తే మళ్లా దీని కాళ్లకే గదా" అన్నాడు.

62 ప్రశ్నల్లో మేక లేదు. గాజు లేదు.

ఆ రోజు నుంచి ఆమె పని మారింది. మేకల దారి వెంట అక్కడక్కడ తాడుతో చదరాలు వేసి, ఒక్కో చదరంలో గాజు పెంకులు ఎన్నున్నాయో సోమవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి లెక్కపెట్టింది. మొక్కల సర్వేలు చేసేవాళ్ల పద్ధతి. సోమవారం పెరగడం అందరం ఊహించిందే. శుక్రవారానికి తగ్గకపోవడం చూశాక అర్థమైంది, దారి మీద ఊడ్చేవాళ్లు ఎవరూ లేరు, ప్రతి ఆదివారం పాతదాని మీద కొత్తది చేరుతోంది. పార్కింగ్ దగ్గర శుభ్రంగానే ఉంటుంది, ఫోటోల్లో పడేది అదే.

కుళాయి దగ్గర బిందెల వరస కూడా లెక్కపెట్టింది, శనివారం మధ్యాహ్నం టెంట్ల డ్రమ్ములు నిండేటప్పుడు ఒకటి, మామూలు రోజు ఒకటి. అమెరికా అటవీ శాఖలో స్టాంకీ, ఆయన తోటివాళ్లు 1985లో ఒక పద్ధతి రాశారు, ఎంతమంది రావచ్చు అని అడగడం మానేసి ఎంత మార్పును మనం సహించగలం అని అడగాలని, దాన్ని కొలవడానికి గుర్తులు పెట్టుకోవాలని. ఆ గుర్తులు ఏవన్నది మామూలుగా నిపుణులు రాస్తారు. ఈమె మూడూ ఊరి నుంచి తీసుకుంది: మేకల దారిలో గాజు, కుళాయి దగ్గర బిందెల వరస, రాత్రి పాటలు ఆగే టైము. మూడోది చెప్పింది పదో తరగతి చదివే ఒక పిల్ల, పరీక్షల ముందు.

సీసాల గురించి ఆదోని అబ్బోడు ఒక ఉపాయం చెప్పాడు. నీలగిరి జిల్లాలో 2022 నుంచి మద్యం సీసా మీద 10 రూపాయలు ఎక్కువ తీసుకుని ఖాళీ సీసా తిరిగిస్తే ఆ 10 ఇచ్చేస్తున్నారు, ఇక్కడా పెడదాం అని. వినడానికి బాగుంది. కానీ అక్కడ అమ్మేదీ ప్రభుత్వ దుకాణమే, వెనక్కి తీసుకునేదీ అదే. ఇక్కడ పగిలే సీసాల్లో చాలావాటి మీద కర్ణాటక లేబుల్ ఉంది, అవి ఎట్లా వస్తాయో నేను అడగదలుచుకోలేదు. ఎక్కడో కొన్న సీసాకు ఇక్కడ ఎవరు డబ్బు తిరిగిస్తారు? టెంట్లు వేసేవాళ్లే ముందే కొంత డిపాజిట్ పట్టుకుని, సీసాలు లెక్క చూపిస్తే తిరిగివ్వాలి అన్న దగ్గరకు వచ్చాం. ఒకాయన రెండు శనివారాలు చేశాడు. మూడోవారం పెద్ద గ్రూపు వచ్చింది, గొడవైంది, మానేశాడు.

ఊరికి చూపించడం

థీసిస్ కట్టేముందు లెక్కలు ఊరికి చూపించాలని నేను పట్టుబట్టా. రచ్చబండ దగ్గర చార్టు పేపర్ల మీద దారి మ్యాప్, గాజు చదరాలు, క్రేట్ జాబితా. వచ్చింది పాతికమంది లోపే, సగం పిల్లలు. మ్యాప్ చూడగానే ఇద్దరు ఆడవాళ్లు తప్పు పట్టారు, మేకల దారి అనుకుని మేము గీసింది వానాకాలం దారి, ఎండాకాలం దారి ఇంకా కిందనుంచి పోతుందని. అక్కడికి పోయి మళ్లీ ఒక వారం లెక్కపెట్టాల్సి వచ్చింది. క్రేట్ జాబితా చదివినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు, వాళ్లకు తెలిసిందే కదా. కానీ ఒకామె "పేపర్ ప్లేట్లు యాల బెంగళూరు నుంచి? విస్తర్లు మేం కుడతాం గదా" అంది, ఆ మాట అక్కడే ఉండిపోయింది, ముందుకు పోలేదు. మా సంఘం వైపు నుంచి నేను పట్టుకుని ఉండాల్సింది, పట్టుకోలేదు.

వైవాలో, అంటే థీసిస్ మీద నోటి పరీక్షలో, అనంతపురం పాపను అడిగిన మొదటి ప్రశ్న, శాంపిల్ 384 ఎందుకు లేదు అనే. ఆమె మొదటి వారం ఫారాల్లో ఆ తిరగేసిన ప్రశ్నల జంట చూపించిందట. తర్వాత ఎక్కువ అడగలేదన్నారు.

బైండింగ్ అయ్యాక ఒక కాపీ ఊరికి తెచ్చింది. తాత దాన్ని రెండు చేతులతో అందుకుని, "నా మేక యాడుంది?" అన్నాడు. ఫోటో ఉన్న పేజీ తీసి, కింద రాసింది చదివింది, "సంచార పశుపోషకుల ఇబ్బందులు" అని. తాతకు కోపమొచ్చింది. "సంచారమేంది పాపా? మా తాత కూడా ఈడనే పుట్న్యాడు." పాప నా జేబులోంచి పెన్ను తీసుకుని ఆ మాట కొట్టేసి, పైన "ఈ ఊరి మేకలు కాసేవాళ్లు" అని రాసి ఇచ్చింది. యూనివర్సిటీ లైబ్రరీ కాపీలో మాత్రం ఇంకా సంచార పశుపోషకులే ఉంది.